రూపాయి బిళ్ళంత బ్యాటరీ

నేను బహ్రెయిన్‌లోని హూరా నుంచి మాట్లాడుతున్నాను. ఎగ్జిబిషన్ రోడ్డు, బేత్ అల్ ఖురాన్ మ్యూజియం ఉన్న పేట ఇది. వృత్తిరీత్యా కంప్యూటర్ కన్సల్టెంట్‌ని. కొన్నేళ్ళ క్రితం ఇక్కడి ఒక చిన్న ఆఫీసులో జరిగిన సంగతి చెబుతాను.

తెల్లారితే జీతాల రోజు. ఆ జీతాల కోసం కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు ఎన్నో ఇళ్ళు ఎదురుచూస్తున్నాయి. కరెంటు పోయి వచ్చాక సర్వర్ తేదీ ఏళ్ళ వెనక్కి వెళ్ళింది, తెర మీద హెచ్చరిక వచ్చింది. అక్కడి కుర్రాడు భయపడి, ఫ్యాక్టరీ సెట్టింగులు పెట్టేశాడు. అంతే, డిస్కులు కనబడటం మానేశాయి.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ని ప్రకటించింది. అందులో 8 కిలోబైట్ల బయోస్ ప్రోగ్రాం ఉండేది. స్విచ్ వెయ్యగానే అది ప్రాసెసర్‌ని, మెమరీని, కీబోర్డుని తనే పరీక్షించుకునేది. దీన్నే పోస్ట్ అంటారు. అంతా బాగుంటే ఒక చిన్న బీప్. తెర ఇంకా పనిచెయ్యని సమయంలో తప్పు చెప్పాలంటే శబ్దమే కదా దారి!

ఆ రోజుల్లో సెట్టింగులంటే బోర్డు మీది బుల్లి స్విచ్చులే. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ, బ్యాటరీతో నడిచే ఒక చిప్ తెచ్చింది. అందులో ఉన్నవి 64 బైట్లు. 14 గడియారానికి, 50 సెట్టింగులకి. ఆ గడియారంలో సంవత్సరానికి రెండంకెలే చోటు. వై2కే సమస్యకి ఇలాంటి రెండంకెల పొదుపే మూలం. ఆ పని మీదే 1990ల చివర మనవాళ్ళు ఎంతమంది అమెరికా విమానం ఎక్కారో మీకు తెలుసు.

బయోస్ రాసి అమ్మిన కంపెనీల్లో పేరున్నది అమెరికన్ మెగాట్రెండ్స్. 1985లో సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ కలిసి అట్లాంటా దగ్గర పెట్టారు. డిలీట్ మీట నొక్కి సెట్టింగుల్లోకి వెళ్ళడం చాలామందికి ఆ బయోస్‌తోనే అలవాటైంది.

1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణం తెచ్చాయి. దాని ప్రకారం సర్వర్‌లో వేరే చిన్న చిప్ ఒకటి కాపలా ఉంటుంది. సర్వర్ ఆపేసి ఉన్నా, ఎప్పుడు ఏ భాగం మొరాయించిందో దాని చిట్టాలో చదువుకోవచ్చు. 2005లో యూఈఎఫ్ఐ ఫోరం ఏర్పడ్డాక పాత బయోస్ స్థానంలోకి క్రమంగా కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. కానీ లేవగానే తనని తాను పరీక్షించుకునే అలవాటు మాత్రం పోలేదు.

ఇక ఆ రాత్రి సంగతి. చిట్టా చూస్తే డిస్కుల మీద ఏ ఫిర్యాదూ లేదు. పోయింది బ్యాటరీ ఒక్కటే. సీఆర్2032, రూపాయి బిళ్ళంత ఉంటుంది. తేదీ వెనక్కి వెళ్ళింది అందువల్ల. డిస్కులు మాయమైంది మాత్రం రీసెట్ వల్ల. రెయిడ్ పద్ధతిలో ఉండాల్సిన కంట్రోలర్ ఫ్యాక్టరీ పద్ధతికి మారిపోయింది. అదృష్టవశాత్తు, మొదట అమర్చిన ఇంజనీరు సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపుకి అంటించాడు. బ్యాటరీ మార్చి, ఆ కాగితం చూసి తిరిగి పెట్టాం. జీతాలు వేళకి పడ్డాయి. అదే కంగారులో డిస్కులని కొత్తగా ఇనీషియలైజ్ చేసి ఉంటే, లెక్కలన్నీ గంగలో కలిసేవి.

అందుకే చెప్పేది. రీసెట్ చేసే ముందు ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చిట్టా చదవండి. రీసెట్ చేశాక తేదీ, బూట్ వరస, రెయిడ్ సరిచూడండి. యంత్రం తన ఒంట్లో బాగోలేదని చెప్పగలదు. మనం దానికి ఒకప్పుడు ఏం చెప్పామో మాత్రం మనమే రాసిపెట్టుకోవాలి.