గత్తర పేరు కింద దాగిన జ్వరం

మా అడవుల్లో పాత ఊళ్ళ జాగాలు చాలా ఉన్నాయి. గుబురైన చింతచెట్టు, దాని కింద పగిలిన రోలు, నాలుగు పునాది రాళ్ళు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు మా గోండుల ఊరు ఉండేదని పశువులు కాసే పిల్లలు కూడా చెబుతారు. ఎందుకు వదిలి వచ్చారని పెద్దలను అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే: "గత్తర వచ్చింది, లేచి వచ్చినం."

గత్తర అంటే కలరా అని అందరికీ తెలుసు. కానీ మా పెద్దల నోట ఆ మాటకు అంత చిన్న అర్థం లేదు. ఒకే నెలలో ఊళ్ళో పదిమంది పోతే అది గత్తరే. వాంతులతో పోయినా, మశూచితో పోయినా, దగ్గుతో ఊపిరాడక పోయినా అదే మాట. అందుకే 1918లో దేశమంతా తిరిగిన ఇన్‌ఫ్లుయెంజా మా జ్ఞాపకాల్లో వేరే పేరుతో లేదు. ఆ ఒక్క మాట కింద దాక్కుని ఉంది.

ఆ జ్వరం 1918 ఎండాకాలం చివర బొంబాయి రేవులో దిగింది. మొదటిసారి కొంత తేలికగానే పోయింది. సెప్టెంబరులో రెండోసారి లేచినప్పుడు మాత్రం మనుషులను ఊడ్చేసింది. రైలు ఎక్కడికి పోతే అక్కడికి పోయింది. దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఇప్పటి భారతదేశం హద్దుల్లో చూస్తే 1911లో 25.2 కోట్లు ఉన్న జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గింది. పదేళ్ళలో జనం పెరగకపోగా తగ్గిన దశాబ్దం జనాభా లెక్కల్లో అదొక్కటే. మేమున్న నిజాం రాజ్యంలో 1911లో 1,33,74,676 మంది ఉంటే 1921లో 1,24,71,770 మంది మిగిలారు. తొమ్మిది లక్షల తేడా. ప్లేగు, కరువు కూడా ఆ లెక్కలో ఉన్నాయి గాని జ్వరం వాటా చిన్నది కాదు.

అప్పుడు మా జిల్లాకు ఆసిఫాబాదు కేంద్రం. మా అడవుల గుండా రైలు లేదు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా పట్టాలు పూర్తయ్యేసరికి 1929 వచ్చింది. రైలు లేదు కాబట్టి జ్వరం రాలేదని అనుకోవడానికి వీల్లేదు. వార్ధా నదికి అవతల మధ్య పరగణాలు. బ్రిటిషు ఏలుబడిలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న ప్రాంతాల్లో అదొకటి. నదికి ఇటూ అటూ మా బంధుత్వాలే. పెళ్ళికి పోయేవాళ్ళు, ఎడ్లు కొనబోయేవాళ్ళు, చావుకు పోయేవాళ్ళు నదిని హద్దుగా ఎన్నడూ చూడలేదు.

ఇంకొకటి మమ్మల్ని ఆలోచింపజేస్తుంది. రెండో విడత ఉధృతి అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆ ఏడు దీపావళి నవంబరు మొదటి వారంలో పడింది. అంటే సరిగ్గా మా దండారి రోజులు. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని, డోళ్ళు మోగించుకుంటూ, ఒక ఊరి మంది మరో ఊరికి పోయి, రాత్రంతా ఆడి, అక్కడే తిని, అక్కడే పడుకునే కాలం. ఆ ఏడు దండారి కదిలిందో ఆగిందో ఏ కాగితంలోనూ లేదు. హిందీ కవి నిరాలా ఆ జ్వరానికి భార్యను, ఇంటివాళ్ళను పోగొట్టుకున్నాడు. గంగ ఒడ్డున తాను చూసింది తర్వాత రాసిపెట్టాడు. ఆయనకు అక్షరం ఉంది. మా ఊళ్ళకు అక్షరం 1943లో, హైమండార్ఫ్ మార్లవాయిలో బడి, పంతుళ్ళ శిక్షణ మొదలుపెట్టినప్పుడు వచ్చింది. ఇరవై అయిదేళ్ళు ఆలస్యం. ఆ శిక్షణ పొందిన మొదటి గోండు పంతుళ్ళ వెనుక వచ్చినవాళ్ళం మేము. కాబట్టి ఈ పని కొంత మా బాకీ.

జ్వరం ఎట్లా చంపింది? ముసలివాళ్ళకంటే ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్యవాళ్ళను ఎక్కువగా పట్టుకుంది. మన దేశంలో ఆడవాళ్ళు ఎక్కువగా పోయారు. జ్వరం తగ్గుతోందనుకునే సమయంలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరేది. అప్పటికి పెన్సిలిన్ లేదు, దాన్ని కనుక్కున్నది 1928లో. పైగా ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, గింజల ధర పెరిగింది, ఒంట్లో బలం లేదు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మేము ఎక్కువగా ఆలోచించేది ఇంకో సంగతి. నీళ్ళు తెచ్చేది, పొయ్యి వెలిగించేది, రోగికి జావ తాగించేది ఆ ఇరవై, నలభై ఏళ్ళ మధ్య ఆడమనిషే. ఆమే పడిపోతే? ఇంట్లో అందరూ ఒకే వారంలో పడిపోతే, జ్వరంతో పోవలసిన అవసరం లేని మనిషి కూడా దప్పికతో, ఆకలితో పోతాడు.

ఇది మా ఊహ అనుకునేవాళ్ళకు మేము కళ్ళారా చూసింది చెబుతాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా ఊళ్ళు చాలా తెలివిగా నడుచుకున్నాయి. దారికి అడ్డంగా దుంగలు పడేశారు. బయటి నుంచి వచ్చినవాళ్ళను చేను మంచెల మీద ఉంచి, అన్నం అక్కడికే పంపారు. ఎవరూ చెప్పకముందే పటేళ్ళు ఈ పని చేశారు. కరోనా ఫ్లూ కాదు, వేరే క్రిమి. కానీ పాకే దారి ఒకటే, దగ్గు తుంపర. మరుసటి ఏడు ఎండాకాలంలో మాత్రం మా దుంగలు పక్కకు జరిగాయి. పెళ్ళిళ్ళు జరిగాయి, మేమూ పోయాం. ఆ తర్వాత ఒక ఇంట్లో నలుగురూ పడిపోయారు. మా బడిలో ఏడో తరగతి చదివే వాళ్ళ అమ్మాయి ఒక్కతే లేచి తిరిగే స్థితిలో ఉంది. అదీ జ్వరంతోనే. చేతిపంపు ఎండిపోయింది, నీళ్ళు వాగు నుంచి తేవాలి. భయంతో ఎవరూ ఆ ఇంటి వైపు పోలేదు. పంతుళ్ళమైన మేము కూడా రెండు రోజులు పోలేదు. మూడో రోజు పోయి గడపలో బిందె పెట్టాం. నాయనమ్మ అప్పటికి పోయింది.

ఆ రోజుల్లో ఫోను చేస్తే ముందు చేతులు కడుక్కోమని ఒక గొంతు చెప్పేది. తెలుగులో చెప్పేది. మా నాయనమ్మల భాష గోండి. ఎండిన పంపు ముందు నిలబడి ఆ మాట వినడం ఎట్లా ఉంటుందో చెప్పినవాళ్ళకు తెలియదు.

ఫ్లూ మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 1957లో మద్రాసు రేవు గుండా వచ్చింది. 2009లో స్వైన్‌ఫ్లూ మొదటి కేసు మన దేశంలో బయటపడ్డది హైదరాబాదులోనే. వస్తే ఇళ్ళల్లో ఏముండాలని ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నాం. ముందు తిండి. మా తాతల కాలంలో గుమ్మి నిండా జొన్న ఉండేది, ఎవరు దారి మూసినా నడిచేది. ఇప్పుడు చేలల్లో పత్తి, ఇంట్లో నెలకు సరిపడా రేషన్ బియ్యం, మిగిలినవన్నీ వారం అంగడి. అందుకని కొలత అంగడితోనే పెట్టుకున్నాం: రెండు అంగళ్ళు తప్పినా ఇల్లు గడవాలి. ఉప్పు, కారం, పప్పు, నూనె, సబ్బు, అగ్గిపెట్టెలు, ఎండబెట్టిన కూర, పట్టుబడి గల ఇంట్లో అర బస్తా జొన్న. ఇప్పపువ్వు ఎట్లాగూ ఎండబెట్టుకుంటాం, సారా మాటేమో గాని ఉడకబెట్టి తినడం పిల్లలకు మళ్ళీ నేర్పాలి.

మందు దగ్గర మేము హద్దు దాటం, డాక్టర్లం కాదు. పారాసిటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో ఉంచుకుని ఆశా కార్యకర్త చెప్పినట్టు వాడాలి. పిల్లలకు ఫ్లూ జ్వరంలో ఆస్పిరిన్ ఇవ్వకూడదు, అంగట్లో ఏ గోలి ఇచ్చినా పేరు చదివించుకోవాలి. ఊపిరి ఎగబీలుస్తున్నా, పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా, తగ్గిన జ్వరం మళ్ళీ లేచినా, పసిబిడ్డ పాలు మానినా, ఇంకా దేవారి దగ్గర కూర్చోకుండా బండి కట్టాలి. దేవారి కూడా ఇందుకు ఒప్పుకున్నాడు, ఆయన మనవడు బడి పిల్లవాడే. గర్భిణికి మరీ జాగ్రత్త. రోగిని పొగ నిండిన గదిలో పడుకోబెట్టకుండా వసారాలో, గాలి ఆడేచోట ఉంచాలి. చూసుకునేది ఒక్కరే, ముక్కుకు గుడ్డ కట్టుకుని.

ఎక్కువసేపు వాదన జరిగింది నీళ్ళ గురించి. చివరికి ఇళ్ళను జతలు చేశాం. ఈ ఇంట్లో అందరూ పడితే ఆ ఇంటివాళ్ళు రోజుకు రెండు బిందెలు, ఒక కుండ జావ గడపలో పెట్టి దూరం జరగాలి. లోపలికి పోనక్కరలేదు. జతలు కుదర్చడం తేలిక కాలేదు, మాటలు లేని అన్నదమ్ముల ఇళ్ళు పక్కపక్కనే ఉంటాయి కదా. ఒంటరి ముసలమ్మకు బడి జత.

పొలాల పండుగ మర్నాడు, బడగ నాడు, మా పిల్లలు తెల్లవారకముందే కేకలు వేస్తూ ఊరంతా తిరిగి, రోగాలను పొలిమేర దాటించి వస్తారు. వెదురు కాళ్ళ మీద నడిచే ఆటను కూడా అక్కడితో వదిలేస్తారు. పోయిన ఏడు ఆ పిల్లలకే ఇంకో పని అప్పజెప్పాం. తిరుగుతూ ఏ ఇంట్లో ఎన్ని బిందెలు, ఎవరికి ఎవరు జత అని రాసుకొచ్చారు. ఆ పట్టిక బడి గోడ మీద గోండి మాటల్లో ఉంది.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. జ్వరం దండారి రోజుల్లోనే వస్తే? అప్పటికే ఇంటి ముంగిట్లోకి వచ్చి ఆడుతున్న పక్క ఊరి గుస్సాడీని వెనక్కి పొమ్మనడం మా నోటికి రాదు. ముందే కబురు పంపితే అవమానం ఉండదని కొందరు, దేవుళ్ళు కోపగిస్తారని కొందరు అన్నారు. దండారి ఆగిన ఏడు ఎన్నడైనా ఉందా అని కటోడాను అడిగాం. తన తాత చెప్పగా విన్నాడట, ఒక ఏడు డోలు మోగలేదని. ఏ ఏడో ఆయనకు తెలియదు. గత్తర ఏడు అన్నాడు. ఈ మాట రాయిసెంటర్‌లో పెట్టాలని అనుకున్నాం.