నాందేడ్ వాడా: మన అంకణం, వాళ్ల ఖణ్



మనవాళ్లలో కొందరికి ఇత్వారా, గాడీపురా, హోలీ, సరాఫా గల్లీల్లోని పాత ఇళ్లలో ఇంకా వాటాలున్నాయి. అన్నదమ్ములు కూర్చున్నప్పుడల్లా "కూల్చి అపార్ట్‌మెంట్ కట్టిద్దామా?" అనే మాటే వస్తుంది. నిర్ణయం మీదే. అయితే ఆ ఇల్లు దేని మీద నిలబడి ఉందో చూసి నిర్ణయించండి.

మరాఠీలో వాడా అనే ఈ ఇల్లు మనకు కొత్తదేమీ కాదు. 1956 దాకా నాందేడ్ మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఇక్కడి గోదావరే కందకుర్తి మీదుగా బాసరకు పోతుంది. తెలంగాణ పల్లెల్లోని భవంతి ఇంటికీ వాడాకూ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. వీధికి పెద్ద దర్వాజ, అందులో వంగి వెళ్లే చిన్న తలుపు, లోపల ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ వసారాలు, వాటి వెనక అర్రలు. నల్లరాతి అరుగు మీద కర్ర స్తంభాలు, వాటిపై దూలాలు, దంతెలు, చెక్కలు, ఆపైన తెల్లమట్టి కప్పు. ఆ కప్పును వాళ్లు మాళవద్ అంటారు, మనం మట్టిమిద్దె అంటాం.

కొలత కూడా ఒకటే. రెండు స్తంభాల మధ్య జాగా మరాఠీలో ఖణ్, తెలుగులో అంకణం. "మీ ఇల్లు ఎన్ని ఖణాలు?" అని ఇక్కడ అడిగితే, అక్కడ "ఎన్ని అంకణాలు?" అనేవారు. నెల్లూరులో నేటికీ స్థలాన్ని అంకణాల్లోనే అమ్ముతారు. గోడలతో కాకుండా స్తంభాలతో ఇంటిని కొలవడంలోనే అసలు సంగతి ఉంది. బరువు మోసేది కర్ర చట్రం, గోడ కేవలం మరుగు.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపంలో లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో వేలమంది చనిపోయారు. అప్పటి నుంచి మరాఠ్వాడాలో మట్టిమిద్దె అంటేనే భయం. ఆ భయానికి కారణం ఉంది. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలకు లోపలి పొరనూ బయటి పొరనూ కలిపి పట్టే పొడవాటి రాళ్లు లేవు, అవి విడిపోయి మీద పడ్డాయి. వాన కారకుండా ఏటేటా పోసిన మట్టితో కప్పులు బరువెక్కాయి. కానీ కప్పు మంచి కర్ర చట్రం మీద నిలిచిన చాలా ఇళ్లలో గోడలు కూలినా చట్రం నిలబడింది. తప్పు గోడది, మట్టి బరువుది. ఆ నింద మాత్రం ఇల్లు మొత్తం మీద పడింది.

1832-37 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన హుజూర్ సాహిబ్ గురుద్వారాను చూడటానికి దేశమంతా వస్తుంది. 2008లో గురుతాగద్దీ 300 ఏళ్ల ఉత్సవాలకు ఊళ్లో రోడ్లు వెడల్పయ్యాయి, అవి అవసరమే. ఇరుకు గల్లీల ఇళ్లను చూడటానికి మాత్రం ఎవరూ రారు. వాటికి దిక్కు వాటాదారులే.

అందుకే నా విన్నపం. కూల్చే ముందు ఇంజనీరుకు చూపించండి. స్తంభాల అడుగున చెద, తేమ ఉన్నాయేమో చూడండి. పైమట్టి తగ్గించి గోడలు బిగిస్తే సరిపోతుందేమో అడగండి. కూల్చక తప్పదంటే ముందు కొలతలు రాసుకోండి, ఫొటోలు తీయండి, ఎన్ని ఖణాలో లెక్కపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లను ఏ అర్రలో ఏముండేదో అడగండి. ఇల్లు పోయాక వాళ్లు చెప్పినా, మనకు చూపించడానికి ఏమీ మిగలదు.