మొలక పేరు పెట్టుకున్న కత్తి

రెండు చేతులతో తిప్పే పొడవాటి కత్తిని చైనా యుద్ధవిద్యల బడుల్లో ‘మియావ్‌దావ్’ అంటారు. దావ్ అంటే ఒకవైపే పదునున్న కత్తి. మియావ్ అంటే మొలక, నారు. సన్నగా సాగి, కాస్త వంగిన ఆ అలుగును చూస్తే పేరు ఎంత చక్కగా అమరిందో తెలుస్తుంది. నైరుతి చైనాలోని మియావ్ తెగ పేరుకూ అదే అక్షరం కాబట్టి కత్తి వాళ్లదేనని కొందరు పొరబడతారు. ఆ తెగకూ దీనికీ సంబంధం లేదు.

కత్తి పాతదే, పేరే కొత్తది.

16వ శతాబ్దంలో చైనా తీరాన్ని దోచిన సముద్రపు దొంగల జపాన్ కత్తుల ముందు మింగ్ వంశపు సైనికుల ఆయుధాలు పొట్టివైపోయాయి. సేనాని చీ జిగువాంగ్ శత్రువు ఆయుధాన్నే తన దళాలకు అలవాటు చేశాడు. దాన్ని ‘చాంగ్‌దావ్’, అంటే పొడుగు కత్తి అన్నారు. ఆయన ఇచ్చిన కొలతల్లో అలుగు 5 ‘చి’లు, పిడి ఒకటిన్నర. ‘చి’ అంటే చైనాలో పొడవు కొలత. అలుగు మొదట్లో ఒక ‘చి’ మేర రాగి తొడుగు. చెయ్యి ముందుకు జరిపి అక్కడ పట్టుకున్నా తెగదు. ఎంత ముందుచూపు!

కమ్మరి పనితనమూ తక్కువది కాదు. మెత్తని ఇనుము మధ్య గట్టి ఉక్కు పట్టీ ఇరికించి, కొలిమిలో కాచి సాగగొట్టేవారు. వాదర పదును నిలుపుకునేది, వెన్ను దెబ్బకు ఓర్చుకునేది.

మియావ్‌దావ్ అన్న పేరు వాడుకలో స్థిరపడింది మాత్రం 20వ శతాబ్దంలోనే.