ఇల్లు వెంటబెట్టుకుని దుర్గరాజపట్నం

స్కాట్లండ్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న పాత ఊళ్ళన్నీ మోటార్ హోమ్‌లో తిరిగే వాళ్ళ వీడియోలంటే మా పిల్లలకు పిచ్చి. వంటా పడకా అన్నీ బండిలోనే. పక్కన కూర్చుని చూస్తున్న మా అత్తయ్య ఒకరోజు, “అట్టాంటి బండైతే నేనూ వస్తా మా ఊరికి” అన్నారు.

ఆవిడ ఊరు వాకాడు దగ్గర. పొలం పంపకాల్లో తమ్ముడితో మాటామాటా వచ్చి పుట్టింటి గడప తొక్కక ఇరవై రెండేళ్ళు. ఎవరింట్లోనూ తినకుండా, పడుకోకుండా చూసి రావచ్చనేది ఆవిడ లెక్క.

మన సంగంలో మోటార్ హోమ్ ఎక్కడ దొరుకుతుంది? టెంపో ట్రావెలర్ మాట్లాడాం. వెనక సీట్లు తీయించి పరుపులు పరిచాం. చిన్న స్టవ్వు, నీళ్ళ క్యాన్లు, డబ్బాడు పులిహోర, చింతకాయ పచ్చడి. నెల్లూరు, గూడూరు, కోట, వాకాడు దాటి ముందు దుర్గరాజపట్నం చేరాం.

మద్రాసు కంటే ముందు ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు పెట్టుకున్నది ఈ ఒడ్డునే. పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టుకుని గట్టిగా కూర్చున్నారు. వాళ్ళతో పొసగక ఇంగ్లీషువాళ్ళు ఇటు జరిగి 1626లో ఇక్కడ గిడ్డంగి పెట్టారు. సాయం చేసిన ఆర్ముగం ముదలియారు పేరు మీద వాళ్ళ కాగితాల్లో ఈ ఊరు ‘ఆర్మగాన్’ అయింది. కానీ వాళ్ళకు కావలసింది బట్ట. ఇక్కడ దొరికేది నచ్చలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెతుక్కుంటూ పోయి, 1639 ఆగస్టులో మద్రాసపట్నం దగ్గర స్థలం రాయించుకున్నాడు. 1640 ఫిబ్రవరిలో మనుషులూ సామానూ అక్కడికి చేరిపోయారు. మందుగుండు చేసే నాగభట్టు అనే ఆయన్ని కూడా తీసుకుపోయారట, మనం ఇల్లు మారుతూ వంటమనిషిని వెంటబెట్టుకుపోయినట్టు!

“కోటేదమ్మా?” అన్నాడు మావాడు. మాకు ఒక్క గోడ కూడా కనబడలేదు. ఇసక, ఆరేసిన వలలు, అంతే.

అత్తయ్యకి కోటతో పనిలేదు. ఆవిడ చూడాలన్నది బకింగ్‌హాం కాలువ. అంతకుముందే ముక్కలు ముక్కలుగా ఉన్న కాలువని 1876-78 కరువులో కూలీల చేత తవ్వించి కలిపారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. శ్రీహరికోట అడవి కట్టెలు పడవల మీద ఈ కాలువలోనే మద్రాసు పోయేవి. అత్తయ్య వాళ్ళ నాన్న ఆ కట్టెల పడవ నడిపినాయన. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. చిన్నప్పుడు కట్టెల మీద కూర్చుని రెండుసార్లు మద్రాసు పోయానని చెప్పారు. ఆ మాట నాతో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

1969లో శ్రీహరికోటని రాకెట్ల కేంద్రానికి ఎంచుకున్నారు. ఆ తర్వాత ఆయనకు కట్టెల బేరం తగ్గిపోయింది. పడవ అమ్మేసి రెండెకరాలు కొన్నారు. అక్కాతమ్ముళ్ళకి చెడింది ఆ రెండెకరాల మీదే.

ఇప్పుడు అక్కడ కాలువలో నీళ్ళకంటే బురదా తుంగా ఎక్కువ. అత్తయ్య గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులని కూర్చోమంటే వినలేదు.

రాత్రికి ఊరి చివర బండి ఆపి అన్నం వండుతుంటే మోటార్ సైకిల్ మీద ఆయన వచ్చారు, చేతిలో క్యారియర్‌తో.

“మా ఇంటికి రాకుండా ఇల్లే ఎత్తుకొచ్చినావా అక్కా?”

అత్తయ్య పలకలేదు. కాసేపటికి నావైపు తిరిగి, “వాడికి కూడా ఒక ప్లేటు పెట్టమ్మా” అన్నారు. ఆయన మా పులిహోర తిన్నారు. ఈవిడ ఆయన తెచ్చిన చేపల పులుసు కలుపుకున్నారు. పొలం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పులికాట్‌లో డచ్చివాళ్ళ సమాధులు చూడాలనుకున్నాం. పోలేదు. బండి రోజంతా ఆయన వాకిట్లోనే ఉంది. అత్తయ్య మాత్రం ఆ రాత్రి కూడా బండిలోనే పడుకున్నారు.