పద్నాలుగింట ఒక సీటు

1951లో సూళ్లూరుపేట మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి ముస్లిం విద్యార్థి ప్రభుత్వ వైద్య, ఇంజనీరింగు కళాశాలల్లో చేరాలంటే కమ్యూనల్ జి.ఓ. ప్రకారమే చేరాలి. అందులో ప్రతి 14 సీట్లకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులకు, ఆంగ్లో ఇండియన్లకు కలిపి 1, ముస్లింలకు 1.

చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఈ పంపకాన్ని కొట్టివేసింది. జూన్ 18న మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. 368వ అధికరణం ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి మించినవారు, ఓటువేసిన వారిలో మూడింట రెండువంతులు ఒప్పుకోవాలి. కాని అప్పటికి సాధారణ ఎన్నికలే జరగలేదు. రెండు సభలూ లేవు. తాత్కాలిక పార్లమెంటే సవరించింది. అది చెల్లుతుందని శంకరీ ప్రసాద్ కేసులో అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అసలు విషయం మరొకటి. కొత్తగా చేర్చిన 15(4) సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలను, షెడ్యూల్డు కులాలను, తెగలను పేర్కొన్నది, మతాన్ని కాదు. పోయిన ఆ ఒక్క సీటు ముస్లింలన్న పేరుతో మళ్లీ రాలేదు. ఇక వెనుకబాటును రుజువు చేసుకోవలసిందే. 2007లో ఆంధ్రప్రదేశ్ 4 శాతం కేటాయించినప్పుడు షేక్‌లకు చోటు దొరికింది; సయ్యద్‌లకు, మొఘల్‌లకు, పఠాన్‌లకు దొరకలేదు.