ఎగ్‌మోర్త్: ఉప్పునేల మీద కోటపట్టణం

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో రోన్ నది పాయలుగా చీలి మధ్యధరా సముద్రంలో కలిసేచోట ఏర్పడిన కమార్గ్ డెల్టాకు పడమటి అంచున, ఉప్పుమడుల నడుమ నాలుగు వైపులా రాతి ప్రాకారంతో ఎగ్‌మోర్త్ అనే చిన్న పట్టణం ఉన్నది. పూర్వం సముద్రం ఈ గోడల దాకా వచ్చేదనీ, నది మేటవేయడంతో వెనక్కి తగ్గిందనీ ప్రచారంలో ఉన్న కథ వినసొంపైనదే గాని నిజం కాదు. ఓడలు అప్పుడు కూడా ఉప్పునీటి కయ్యల గుండా, కాలువల గుండానే ఇక్కడికి చేరేవి.

ఇంత అననుకూలమైన చోట రేవు కట్టడానికి కారణం రాజకీయం. మార్సెయ్ వంటి సహజమైన ఓడరేవు ఉన్న ప్రొవాన్స్ ఆనాటికి ఫ్రెంచి రాజ్యంలో భాగం కాదు గనుక, తనకంటూ ఒక మధ్యధరా రేవు కావాలని తొమ్మిదవ లూయీ 1240లో ఒక క్రైస్తవ మఠం నుంచి ఈ నేలను సంపాదించి, 1248లోనూ 1270లోనూ ఇక్కడి నుంచే క్రూసేడులకు, అంటే ముస్లిం రాజ్యాలపై క్రైస్తవులు మతం పేరిట చేసిన దండయాత్రలకు బయలుదేరాడు. మొదటిసారి ఈజిప్టులో బందీ అయ్యాడు, రెండవసారి ట్యూనిస్ వద్ద మరణించాడు. ప్రాకారాన్ని కట్టించినది అతని కొడుకూ మనుమడూ. 1481లో ప్రొవాన్స్ ఫ్రెంచి రాజు వశం కావడంతో మార్సెయ్ అందుబాటులోకి వచ్చి, ఎగ్‌మోర్త్ అవసరం తీరిపోయింది.

ప్రొటెస్టెంటులకు మతస్వేచ్ఛనిచ్చిన శాసనం 1685లో రద్దయ్యాక, లూయీ కట్టించిన కాన్‌స్టాన్స్ బురుజు, మతం విడువని స్త్రీలకు చెరసాల అయింది. 1730లో అందులో అడుగుపెట్టిన మరీ ద్యురాఁ అనే యువతి 1768 దాకా బయటికి రాలేదు.

గులాబీ రంగు ఉప్పుమడుల ముందు ఫోటోలు దిగే యాత్రికులకు అంతగా తెలియని ఘట్టం 1893 ఆగస్టు నాటిది. ఉప్పు తీసే పనికి వచ్చిన ఇటలీ కూలీలకూ ఫ్రెంచి కూలీలకూ మధ్య మొదలైన కొట్లాటను వదంతులు ఊరంతటి దాడిగా మార్చగా, అధికారిక లెక్క ప్రకారమే 8 మంది ఇటాలియన్లు హతులయ్యారు. విచారణలో నిందితులందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. పరాయి దేశంలో కూలికి వెళ్లినవారి ప్రాణం విలువ ఎంతో తెలుసుకోవడానికి ఈ తీర్పు చాలు. ప్రవాసులున్న ప్రతి తెలుగు ఇల్లూ ఎరగవలసిన చరిత్ర ఇది.

నేటి కమార్గ్ వరికి కూడా వలస చరిత్రే ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం మొదట్లో ఆయుధ కర్మాగారాల కోసం ఫ్రాన్స్ తన ఇండోచైనా వలసరాజ్యం నుంచి తెచ్చిన దాదాపు 20,000 మంది, అత్యధికులు బలవంతంగా వచ్చినవారే, 1940 ఓటమితో ఇంటికి పోయే దారి లేక చిక్కుకుపోయారు. చౌడునేల మీద మంచినీరు నిలగడితేనే ఉప్పు దిగుతుందని కోనసీమ రైతుకు చెప్పనక్కరలేదు; వియత్నాం రైతుబిడ్డలకూ అది తెలిసిన విద్యే కావడంతో, వారిలో కొందరిని కమార్గ్‌కు పంపి వరి వేయించారు. వారి స్మారకం కమార్గ్‌లోనే సాలాఁ-ద-జీరో గ్రామంలో 2014లో గాని వెలియలేదు.