బాల్యరక్షణకు శాసనమును హాజరుపట్టీయు

పిల్లలను పెద్దల క్రౌర్యమునుండి కాపాడవలెనను మాట నేడు సభలలో తఱచుగా వినబడుచున్నది. ఇది క్రొత్త మాట కాదు. మన బెంగుళూరు చేరియుండిన మైసూరు సంస్థానములోనే ఈ విషయమై 1894వ సంవత్సరమున ఒక శాసనము పుట్టినది. దాని చరిత్రను, దానికి అందక మిగిలినదానిని పాఠకులకు సంగ్రహముగా మనవి చేయుచున్నాను.

అప్పుడు చామరాజేంద్ర ఒడెయరుగారు మహారాజుగాను, శేషాద్రి అయ్యరుగారు దివానుగాను ఉండిరి. బాల్యవివాహముల విషయము ప్రజాప్రతినిధి సభలో చర్చకు వచ్చినది. పిమ్మట 1894లో శాసనము వెలువడినది. ఎనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదు. పదునాలుగేండ్లు నిండని బాలికను ఏబదియేండ్లు దాటిన పురుషునకు ఇయ్యరాదు. ఇంతే దాని సారము. నేడిది మిక్కిలి స్వల్పముగా కనబడవచ్చును. కాని బ్రిటిషు ప్రభుత్వము 1891లో బాలికల సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచినదే కాని, హిందువుల వివాహ వయస్సు జోలికి అప్పటికింకను పోలేదు. ఆ పనికి ఒక స్వదేశ సంస్థానము పూనుకొనినదని మనము గుర్తుంచుకొనవలెను.

అదే కాలమున తెలుగుదేశపు స్థితి యెట్లుండెనో గురజాడ అప్పారావుగారు తమ 'కన్యాశుల్కము'నకు వ్రాసిన పీఠికవలన తెలియుచున్నది. విజయనగరము మహారాజా ఆనందగజపతిగారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములకు ఒక పట్టిక తయారు చేయించిరి. దానికెక్కిన పెండ్లిండ్లు 1,034. వానిలో ఐదేండ్ల బాలికలు 99 మంది; నాలుగేండ్లవారు 44; మూడేండ్లవారు 36; రెండేండ్లవారు ఆరుగురు; ఏడాది బిడ్డలు ముగ్గురు! ఆ ముగ్గురు పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలవఱకు పలికినది. మహారాజావారు మద్రాసు శాసనసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టము కాలేదు. నాటకము మాత్రము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, నేటికిని నిలిచియున్నది. గుమాస్తాగిరి చేసిన నాకు ఆ పట్టికయే ఎక్కువగా మనస్సునకు తగులును. ఎవరో కూర్చుండి ఒక్కొక్క బిడ్డ వయస్సు వ్రాసిరి. వ్రాయకపోయినచో ఆ బాధ లోకమునకు తెలియకయే పోయెడిది.

ఇక శాసనమునకు అందని సంగతి. మా నాయనమ్మది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా. ఆమె వివాహమునాటికి ఆమెకు తొమ్మిదేండ్లు. శాసనము చెప్పిన హద్దు ఎనిమిది. కావున చట్టము దృష్టిలో ఆ పెండ్లిలో లోపమేమియు లేదు! పెండ్లిపందిటిలో నిదురపోయితినని, అత్తవారింట తిన్న దెబ్బలకంటె రాత్రివేళ భయమే ఎక్కువగా ఉండెడిదని ఆమె మాతో చెప్పుచుండెడిది. కాని ఆ యింట చదువుకొనుచున్న ఆడబిడ్డ ఒకతె ఉండెను. ఆమె ప్రతిసాయంకాలమును పెరటిలో ఇసుకపోసి నాయనమ్మచేత అక్షరములు దిద్దించెను. దెబ్బలు పడునప్పుడు అడ్డము వచ్చెను. కష్టము తనంతట మనిషిని గట్టిపఱచునని కొందఱందురు. మా నాయనమ్మను గట్టిపఱచినది కష్టము కాదు, కష్టములో ప్రక్కన నిలిచిన ఆ ఆడబిడ్డ.

కందుకూరి వీరేశలింగముపంతులుగారు ఈ మర్మమును ముందే గ్రహించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించుటకు ఏడేండ్ల ముందే, 1874లో, వారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిరి. ఇక్కడ మైసూరులోను 1881లో మహారాణీగారి పేర బాలికల పాఠశాల వెలసినది. చట్టము వలదని చెప్పగలదు. బడి బిడ్డకు దినమంతయు నిలువ నీడ నిచ్చును.

తరువాత హద్దు పెరుగుచు వచ్చినది. 1929 నాటి శారదా చట్టము బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది అనెను. 1978లో అవి పదునెనిమిదియు ఇరువదియొకటియు నైనవి. 2006లో క్రొత్త చట్టము వచ్చినది. కర్ణాటక రాష్ట్రము దానిని సవరించి బాల్యవివాహము మొదటినుండియే చెల్లదనెను. పిల్లలపై లైంగిక నేరములకు 2012లో ప్రత్యేక చట్టము కలిగినది. ఐనను 2007లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వే చూడుడు. పదుమూడు రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడుగగా, నూటికి 69 మంది దెబ్బలు తినుచున్నట్లు తేలినది. లైంగిక హింస చేసినవారిలో సగముమంది ఆ పిల్లలు ఎరిగినవారే.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనక తప్పదు. నేనొక పాఠశాలలో గుమాస్తాగా నుండగా, 1993లో, ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె బడికి రాకపోయెను. హాజరుపట్టీలో ఆమె పేరుకెదుట వరుసగా గైరుహాజరు గుర్తులు పడినవి. కొన్నాళ్లకు ఆమె మేనమామ వచ్చి టి.సి. అడిగెను. నియమప్రకారము ఎఱ్ఱసిరాతో పేరు కొట్టివేసి కాగితము చేతికిచ్చితిని. "అమ్మాయి ఎక్కడ?" అని ఒక్క మాట అడుగలేదు. ఆమెకు పెండ్లి చేసివేసిరని పిదప తెలిసినది. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. చట్టము బీరువాలోనే ఉండెను. పట్టీ నా చేతిలో నుండెను.

సరిగా ఆ యేండ్లలోనే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వారు నేనడుగని ప్రశ్నను ఇంటింట అడుగుచుండిరి. 1981లో ఏర్పడిన ఆ సంస్థ 1991 మొదలు పిల్లలను పనినుండి బడికి మఱల్చు పని చేపట్టినది. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని శాంతాసిన్హాగారి సిద్ధాంతము. వారు తల్లిదండ్రులకు నచ్చచెప్పి, పిల్లలను శిబిరములలో ఉంచి, చదువు అందించి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించిరి. శాంతాసిన్హాగారికి 2003లో మెగసెసె పురస్కారము లభించినది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల సంఘమునకు వారే తొలి అధ్యక్షురాలు. మన నగరములోని నిమ్హాన్స్ సంస్థయు నేడు 'సంవాద్' అను కార్యక్రమముద్వారా, దెబ్బతిన్న పిల్లల మాట ఎట్లు వినవలెనో వారితో పనిచేయువారికి నేర్పుచున్నది.

మన సంఘ సభ్యులలో ఉపాధ్యాయులున్నారు, గుమాస్తాలున్నారు, ఇంట పనిమనిషిని పెట్టుకొనినవారున్నారు. వారందఱికిని నా మనవి ఒక్కటే. మీరెరిగిన బిడ్డ మూడుదినములు బడికి పోకపోయినచో, నాలవదినమున ఆ యింటి గుమ్మమువఱకు పొండు. బిడ్డను చూచి, బిడ్డతోనే మాటాడుడు. అనుమానము కలిగినచో 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయుడు. దానికి రుసుము లేదు. నేనానాడు చేయవలసినది అంతమాత్రమే.